భాయ్ చెప్పింది, నేను రాసింది

తలకి రంగు వేసుకోవడమంటే నాకు మహా బద్ధకం. నలభై దగ్గరపడ్డాక ఆ బద్ధకం చెల్లదని మా అమ్మాయి గొడవ పెడితే, మొన్న ఆదివారం పొద్దున్న కొట్టువాడు ఏదిస్తే అది తెచ్చుకుని పెరట్లో కూర్చున్నాను. రెండు ట్యూబులూ గిన్నెలో పిండి కలిపానో లేదో, ఘాటు గుప్పుమని ముక్కులోకి ఎక్కేసింది. గిన్నె అక్కడే వదిలేసి వీధి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. "ఏటయిందమ్మా, కళ్ళమ్మట నీళ్ళు కారిపోతన్నాయి" అంటూ పిల్ల వెనకాలే వచ్చింది. ఘాటు పడలేదే అని పంపేశాను. ఆ ప్యాకెట్టు మీద చిన్న చిన్న అక్షరాల్లో అమ్మోనియా అని రాసి ఉంది. ఆ వాసన తగిలితే నాకు ఖాదర్ భాయ్ గుర్తొస్తాడు. ఆయన గుర్తొచ్చిన రోజు నేను ఇంకెందుకూ పనికిరాను.

భాయ్‌ని మీరెవరూ చూసి ఉండరు. అనకాపల్లి నుంచి సముద్రం వైపు కంపెనీ బస్సులో ముప్పావుగంట వెళ్తే ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు యజమానులు మారారు, బోర్డూ మారింది, పాత పేరుతో ఎవరికీ పనిలేదు. వచ్చిన రొయ్యలకి తలలు తీసి, పొట్టు వలిచి, గడ్డకట్టించి ఓడ ఎక్కించడం అక్కడి పని. వలిచేవాళ్ళందరూ ఒడ్డు పల్లెల ఆడవాళ్ళు. రబ్బరు బూట్లు, నెత్తిన ప్లాస్టిక్ టోపీలు, పొద్దస్తమానం ఐసునీళ్ళలో నానిన వేళ్ళు. ఆ చలి మొత్తం అమ్మోనియా గ్యాసుతో పుడుతుంది. గ్యాసుని తిప్పే యంత్రాలన్నీ ఉండే కంప్రెసర్ రూముకి భాయ్ పెద్ద. ఊళ్ళో వాళ్ళ నాన్నది ఐసు, సోడా వ్యాపారమట. ఐదో తరగతితో బడి మానేసి ఐసు ఫ్యాక్టరీల్లోనే పెరిగాడు. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు, ఇంగ్లీషు అసలు రాదు. పైపు మీద అరచెయ్యి ఆనించి లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు. అనుమానం వచ్చిన చోట గంధకం పూసిన పుల్ల వెలిగించి పెట్టేవాడు. గ్యాసు కారుతుంటే అక్కడ తెల్లటి పొగ లేస్తుంది. కొలతలు చూపించే మీటర్లు పాడైనా ఆ పుల్ల మాత్రం పాడవదనేవాడు.

నేను ఆ ఫ్యాక్టరీలో చేరింది నా ఇంగ్లీషు పుణ్యమా అని. బీకామ్ చదివి, టైపు నేర్చుకుని, ఉత్తరాలు రాయడం ఎలాగో చెప్పే పుస్తకం ఒకటి అట్ట ఊడిపోయేదాకా బట్టీపట్టి ఉన్నాను. మా వీధిలో ఎవరికి దరఖాస్తు కావాలన్నా నా దగ్గరికే వచ్చేవారు, నాకు అదో పొగరు. మెషీన్ల విభాగంలో కంప్యూటరు ముందు కూర్చోబెట్టి, అక్కడివాళ్ళు తెలుగులో చెప్పింది విశాఖపట్నం ఆఫీసుకి ఇంగ్లీషులో మెయిల్ పెట్టమన్నారు. మా మేనేజరు గారు అక్కడే ఉండేవారు. వారానికి రెండుసార్లు కారులో వచ్చి, ఏసీ గదిలో కూర్చుని వెళ్ళేవారు. నోటిమాటగా ఏం చెప్పినా "మెయిల్లో పెట్టండి" అనేవారు. మెయిల్లో లేనిది జరగనట్టే లెక్క.

భాయ్ దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం చేరిన వారంలోనే జరిగింది. ఒక మీటరు అంకె రిజిస్టర్లో ఎక్కించాలి. దాని దగ్గర నిలబడ్డ ఆపరేటరుతో "ఒకసారి మీటరు చూడండి" అన్నాను. అతను చూశాడు. చూసి, తన పని తను చేసుకుంటున్నాడు. ఐదు నిమిషాలు ఎదురుచూసి "చూశారా?" అంటే "సూసేనండి" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. భాయ్ పక్కనే నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ కులాసాగా నవ్వుతున్నాడు.

"ఆడి తప్పేటుందమ్మా? సూడమన్నావు, సూసేడు. ఎంతుందో సెప్పమన్నావా? ఎంత దాటితే నిన్ను పిలవాలో సెప్పేవా?"

"అది వేరే చెప్పాలా భాయ్?"

"సెప్పాలి. సూడమంటే ఎవుడైనా సూత్తాడు. ఏటి సూడాలి, ఎప్పటిలోగా సూడాలి, సూసి ఏటి సెప్పాలి, ఇయ్యన్నీ సెప్తేనే అది పని. లేకపోతే అది పలకరింపు."

పని చెప్పాక ఊరుకునేవాడు కాదు. "తిరిగి సెప్పు" అనేవాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్న మనిషైనా సరే, ఏ వాల్వు తిప్పాలో, ఎటు తిప్పాలో, ఎంత తిప్పాలో మళ్ళీ అప్పజెప్పాల్సిందే. కుర్ర ఇంజినీర్లు ముఖాలు మాడ్చుకునేవారు, మేమేమైనా ఒకటో తరగతి పిల్లలమా అని. భాయ్‌కి ఏం పట్టేది కాదు. నా చేత మాత్రం ఒక్కసారి కూడా తిరిగి చెప్పించుకోలేదు. మెయిల్ రాయించేటప్పుడు నా బల్లకి అవతల, చెప్పులు గుమ్మం బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. నేను టకటకా కొట్టేస్తుంటే ఆ తెర వైపు భక్తిగా చూసేవాడు. అది చూసి నేను ఉబ్బిపోయేదాన్ని, సిగ్గులేకుండా ఒప్పుకుంటున్నాను.

మొదట్లో ఆయన చెప్పింది చెప్పినట్టే రాశాను. ఒక ఫ్యాను మోటారు గురించి "ఈ రోజే చూసి, సాయంత్రంలోగా జవాబు చెప్పండి" అన్నాడు, నేనూ అలాగే పెట్టాను. మర్నాడు మేనేజరు గారు క్యాంటీన్‌లో, నలుగురూ టిఫిను తింటూ ఉండగా నన్ను నిలబెట్టారు. "ఎవరికి రాస్తున్నావో తెలుసా నీకు? నాకు ఆర్డరు వేస్తావా? రిక్వెస్టు చెయ్యడం రాకపోతే ఇంట్లో కూర్చో." నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి ఏడ్చి, పాత పుస్తకం మళ్ళీ తీశాను. పైవాళ్ళని ఏదైనా పరిశీలించమని అడగడానికి అందులో ఎన్ని వాక్యాలున్నాయో అన్నీ కాపీ చేసుకున్నాను. కైండ్లీ, ఎట్ యువర్ కన్వీనియెన్స్, ఇఫ్ పాసిబుల్. ఒక్కో మెయిల్లో రెండేసి దట్టించాను. నెల తిరక్కుండా మేనేజరు గారు "ఇప్పుడు బాగుందమ్మా నీ ఇంగ్లీషు" అన్నారు. ఈ సంగతేదీ భాయ్‌కి చెప్పలేదు. ఆయన చెప్పేది చెబుతూనే ఉన్నాడు, నేను దాని పళ్ళూ గోళ్ళూ పీకేసి పంపుతూనే ఉన్నాను. చిన్న చిన్న పనులు కాబట్టి ఎలాగో గడిచిపోయాయి.

ఆ యేడు ఎండాకాలం రొయ్య విపరీతంగా వచ్చింది. వలిచే హాల్లో బల్లలు చాలక, గోడవారన గ్యాసు పైపు కిందకి కూడా ఇంకో బల్ల జరిపారు. ఆ పైపుకి పైన ఒక పాత వాల్వు ఉంది. దాని కింద కూర్చునే జట్టుకి పెద్ద అప్పలకొండ. యాభై దాటిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి అంతకంటే పెద్దది. నేను చేరిన కొత్తలో నా సన్నటి చేతులు చూసి జాలిపడి, నెత్తళ్ళ చేపలు ఎండబెట్టి కాగితంలో చుట్టి తెచ్చిచ్చేది. "ఇది తిను, లేకపోతే గాలికి ఎగిరిపోతావు" అనేది. ఒక శుక్రవారం పొద్దున్న ఆమే కంప్రెసర్ రూముకి వచ్చి, హాల్లో కళ్ళు మండుతున్నాయని భాయ్‌కి చెప్పింది. భాయ్ నిచ్చెన వేసుకుని ఎక్కి గంధకం పుల్ల పెట్టాడు. తెల్లటి పొగ లేచిందట. కిందకి దిగి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజు చెప్పులు విడవడం కూడా మర్చిపోయాడు.

"రాయమ్మా. హాలు గోడ మీద వాల్వు కారతంది. సోమవారం లోగా ఆ లైను ఆపి, వాల్వు విప్పి సూడాలి. సూసినోడు ఏటి సూసేడో కాయితమ్మీద సంతకం పెట్టి ఇయ్యాలి. అప్పటిదాకా దాని కింద ఎవుల్నీ కూకోబెట్టొద్దు. అప్పలకొండ, ఆ జట్టు ఆరుగురూ అక్కడే ఉన్నారని రాయి. పేర్లు రాయి."

గ్యాసు లైను ఆపాలంటే ఆ ఆదేశం మేనేజరు గారే ఇవ్వాలి. సీజను మధ్యలో ఒక పూట ఆపినా కొన్ని టన్నుల రొయ్య పాడవుతుంది. నా కళ్ళముందు క్యాంటీన్ కదిలింది. నేను రాసింది ఇంగ్లీషులో రెండు వాక్యాలు. తెలుగులో చెప్పాలంటే ఇంతే: హాలులోని ఒక వాల్వు నుంచి స్వల్పంగా వాసన వస్తున్నట్టు తెలిసింది. తమకు వీలైనంత త్వరలో దానిని పరిశీలింపజేయవలసిందిగా మనవి. సోమవారం లేదు. లైను ఆపడం లేదు. ఆడవాళ్ళూ లేరు. పొట్టు వలిచేవాళ్ళ పేర్లు మెయిల్లో రాస్తే నవ్వుతారనుకున్నాను. స్వల్పంగా అన్న మాట ఎక్కడి నుంచి తెచ్చానో ఈనాటికీ తెలీదు. అది భాయ్ అనలేదు.

"రాసేవా?" అన్నాడు.

"రాసేను భాయ్."

"అన్నీ?"

"అన్నీ."

సాయంత్రం ఒకే ఒక్క మాట జవాబు వచ్చింది, నోటెడ్ అని. ఏమన్నారని భాయ్ అడిగితే, చూస్తామన్నారని చెప్పాను. శనివారం మేనేజరు గారు వచ్చినప్పుడు భాయ్ ఏసీ గది గుమ్మం దాకా వెళ్ళి అడిగాడు. "మెయిల్ చూశాను, పంపిస్తాను మనిషిని" అన్నారట. మెయిల్ చూశారంటే తను చెప్పినవన్నీ చూశారనే అనుకున్నాడు పాపం. అయినా ఊరుకోకుండా హాలుకి వెళ్ళి, ఆ బల్ల జరపమని సూపర్‌వైజర్ని అడిగాడు. "పైనుంచి మెయిల్ వస్తే జరుపుతాం భాయ్" అన్నాడతను. అది రాదని తెలిసిన మనిషిని ఆ ఫ్యాక్టరీ మొత్తానికి నేనొక్కదాన్నే. రెండు గదుల అవతల కూర్చుని బిల్లులు టైపు చేసుకుంటున్నాను.

సోమవారం పదకొండు గంటలకి వాల్వు మెడ విరిగింది. పెద్ద చప్పుడేం కాలేదు. ముందు వాసన వచ్చింది, తర్వాత హాలు వైపు నుంచి అరుపులు. తెల్లటి పొగలోంచి ఆడవాళ్ళు కొంగులు ముఖానికి అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చి, నేలమీద పడి దొర్లుతున్నారు. నేను గేటు బయటికి పారిపోయాను. భాయ్ తడిగోనె నెత్తిమీద కప్పుకుని లోపలికి వెళ్ళాడు. వెనక లైను మూసి, ఇద్దర్ని ఈడ్చుకుంటూ వచ్చి, గేటు దగ్గర మోకాళ్ళమీద కూలబడి దగ్గాడు. ఆ దగ్గు మళ్ళీ ఆయన్ని వదల్లేదు. అప్పలకొండకి గ్యాసు ముఖంమీదే కొట్టింది. రెండు కళ్ళూ పోయాయి, ఊపిరితిత్తులు కాలిపోయాయి. తొమ్మిదో రోజు ఆస్పత్రిలో చనిపోయింది.

విచారణకి ఒక అధికారి వచ్చారు. మమ్మల్నందర్నీ మేనేజరు గారి గదిలో కూర్చోబెట్టి, నేను పంపిన మెయిల్ అచ్చు తీసిన కాగితం పైకి చదివారు. చదివి, భాయ్ కోసం తెలుగులో చెప్పారు. "వీలైనంత త్వరలో అని రాశారు. ప్రమాదం అని లేదు. లైను ఆపమని లేదు, మనుషుల్ని తప్పించమని లేదు. మీరు ఇన్‌చార్జి కదా, ఇంత తేలిగ్గా ఎలా తీసుకున్నారు?" భాయ్ ఆ కాగితం వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం ఉండుంటే నేను బతికిపోయేదాన్ని. ఏదో లెక్క తప్పితే ఎక్కడ తప్పిందా అని వెతికే చూపు అది.

"మీరు చెప్పింది ఇదేనా?" అని అడిగారు అధికారి.

చాలాసేపు దగ్గి, "నాకు ఇంగిలీసు రాదు సార్" అన్నాడు. "నేనే సరిగ్గా సెప్పలేదేమో."

తర్వాత నన్ను అడిగారు. "ఆయన చెప్పిందే రాశావా అమ్మా?" ఇంట్లో నా జీతం మీద ఆధారపడినవాళ్ళు, నా ఉద్యోగం, జైలు, అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి. రాశానండీ అన్నాను. ఇరవై మంది ముందు అన్నాను. ఇన్‌చార్జి నిర్లక్ష్యమని తేల్చి భాయ్‌ని పన్లోంచి తీసేశారు. మేనేజరు గారికి వేరే ఊరు బదిలీ అయింది. నాకేమీ కాలేదు.

నెల తర్వాత ఆయన ఇంటికి వెళ్ళాను. మెయిన్ రోడ్డు వెనక సందులో రెండు గదులు. గోడకి దిండు వేసుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ళావిడ టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోయింది. కాళ్ళమీద పడదామనే వెళ్ళాను గానీ ఆయన పడనివ్వలేదు. విచారణలో చదివిన మెయిల్ కాగితం తెచ్చావా అన్నాడు. తెచ్చాను.

"సదువు. తెలుగులో సెప్పు, ఒక్కో మాటా."

చదివాను. రెండు వాక్యాలే కదా, ఎంతసేపని. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"నేను సెప్పింది ఇది కాదమ్మా."

"కాదు భాయ్. నన్ను కాపాడ్డానికి మీ మీద వేసుకున్నారు..."

"నిన్ను కాపాడ్డానికేటి కాదు." గొంతు గరుగ్గా ఉంది. "సిగ్గేసి అలాగన్నాను. అందరి సేతా తిరిగి సెప్పించినోణ్ణి, నీ సేత సెప్పించుకోలేదు. ఇంగిలీసు కదా, సదువుకున్న పిల్ల కదా అని నోరు మూసుకున్నాను. తిరిగి సెప్పమని ఒక్క మాట అనుంటే ఆ మనిషి బతికుండేది. నా తప్పు నాకుంది. నీది నీకుంది, నాది పంచుకుంటే నీది తగ్గదు."

ఇంత కఠినంగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇంత నిజంగానూ మాట్లాడలేదు. లేవబోతుంటే ఒక్కటే అడిగాడు. "నా ఉద్యోగం కోసం ఎవుల్నీ అడక్కు. అప్పలకొండ కూతురికాడికి ఎల్లి, భాయ్ మీ అమ్మోళ్ళని అక్కణ్ణించి తీసెయ్యమన్నాడని సెప్పు. ఆళ్ళు నన్ను సంపినోడు అనుకుంటన్నారు. అదొక్కటీ మోయలేకుండా ఉన్నాను." వెళ్తాను భాయ్ అన్నాను. ఒట్టు కూడా వేశాను.

వెళ్ళలేదు. ముందు భయం. తర్వాత పెళ్ళి, తర్వాత పురుడు. తర్వాత, ఇన్నాళ్ళకి వెళ్తే ఏమనుకుంటారోనన్న బెరుకు. ఊళ్ళోనే ఉంటూ ఆయన సందు ముందు నుంచి వెళ్ళాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. మూడేళ్ళు అలా తిరిగాను. ఒకరోజు కూరల బజార్లో పాత ఆపరేటరు కనిపించి, ఖాదర్ భాయ్ పోయి వారమైందని చెప్పాడు. సంచి అక్కడే పడేసి బస్సెక్కాను. భాయ్ ఇంటికి కాదు, ఒడ్డు పల్లెకి.

అప్పలకొండ కూతురు ఇంటి ముందు వల మీద చేపలు ఆరబోస్తోంది. నేనెవరో చెప్పాను. నిలబడే మొత్తం చెప్పాను. భాయ్ ఏం చెప్పాడో, నేను ఏం రాశానో, విచారణలో ఏమన్నానో, ఒక్క మాట మెత్తన చెయ్యకుండా. ఆమె చేతిలో పని ఆపకుండా వింది.

"ఆయన సచ్చిపోయేడా?"

"పోయిన వారం."

"మా యమ్మ దినాలకి వచ్చేడు. ఈది సివర నిలబడ్డాడు. నాను ఈ సేత్తోనే రాయి ఇసిరేను. నుదుటిమీద తగిలింది. ఏటీ అనకుండా ఎల్లిపోయేడు." కాసేపు చేపలు సర్దుకుంది. "రాయమన్నప్పుడు మా యమ్మ పేరు సెప్పేడా?"

"చెప్పాడు. పేర్లు రాయమన్నాడు."

"మరి నువ్వు రాయలేదేం?"

నవ్వుతారని రాయలేదని చెప్పాను. ఆమె నా ముఖంలోకి అప్పుడు మొదటిసారి చూసింది. తిట్టలేదు. లేచి, తట్ట తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బస్సు వచ్చేదాకా రోడ్డు మీద గంటన్నర నిలబడ్డాను. మర్నాడే జరిగినదంతా రాసి, సంతకం పెట్టి, విచారణ చేసిన ఆఫీసుకి పంపాను. కేసు ముగిసిందని జవాబు వచ్చింది.

ఇప్పుడు ఇంకో ఫ్యాక్టరీలో అదే పని చేస్తున్నాను. ఏదైనా పరిశీలించమని ఎవరు చెప్పినా, నా ఇంగ్లీషు వాళ్ళకి తెలుగులో తిరిగి చెప్పి, ఔనన్నాకే పంపుతాను. ఏం చూడాలి, ఎప్పటిలోగా చూడాలి, చూసి ఏం చెప్పాలి, చూడకపోతే ఎవరికి ప్రమాదం, అన్నీ ఉంటాయి. చివర మనుషుల పేర్లుంటాయి, స్వీపర్లయినా, మూటలు మోసేవాళ్ళయినా. నా మెయిళ్ళు మోటుగా ఉంటాయని ఇక్కడా అంటారు. ఆ పేర్లు నచ్చకపోతే మీరే మీ చేత్తో కొట్టేసి పంపండి సార్ అంటాను. ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా కొట్టెయ్యలేదు. పేరు చూశాక కొట్టెయ్యడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. ఆ శుక్రవారం రాసి ఉంటే మా మేనేజరు గారికీ వచ్చేది కాదేమో.